ఎడమ బూటులో నీళ్ళు

దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళ భయాన్ని మాత్రం సొమ్ము చేసుకున్నాను. డ్రైసూటు అమ్మేవాడు చేసిన హెచ్చరికనే అడ్డం పెట్టుకుని ధరలో రెండు వేలు తగ్గించుకున్న ఘనుణ్ణి.

మాది వన్ టౌన్‌లో గిన్నెల కొట్టు. నేను మాత్రం కాలవల్లో మునిగి, పంపుల జాలీలకు పట్టిన చెత్త తీసే పనిలో పడ్డాను. మురుగునీళ్ళకి ఒళ్ళంతా దద్దుర్లు. అందుకే ఒంటికి చుక్క తగలనివ్వని సూటు కావాల్సి వచ్చింది. ఓడల పాత సామాను అమ్మే ఒక పెద్దాయన దగ్గర దొరికింది. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు సాగదీసి చూశాను, పగుళ్ళు లేవు. గాలి నింపి సబ్బునీళ్ళు పూశాను. ఒక్క బుడగ రాలేదు.

డబ్బు తీయబోతుంటే ఆయనే అన్నాడు: "ఒక్క మాట, అన్నా. ఎండిన సూటు లోపల తడి కనబడితే ఆ రోజు ఎవ్వరూ నీళ్ళలో దిగొద్దు."

"అలాంటిదానికి ఈ రేటేంటి భాయ్?" అన్నాను. తగ్గించాడు.

ఏడాది బాగానే నడిచింది. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, జిప్పుకి మైనం రుద్ది, రబ్బరుకి పౌడరు అద్ది, సూటుకే అతికి ఉన్న బూట్లు పైకి ఉండేలా తలకిందులుగా వేలాడదీసేవాణ్ణి.

మే నెలలో ఒక ఉదయం, గట్టు మీద సూటు తొడుక్కుంటుంటే ఎడమ పాదం జిల్లుమంది. బూటు వంపితే గ్లాసుడు నీళ్ళు, ఐసులా ఉన్నాయి. వారం రోజులు తలకిందులుగా వేలాడిన సూటు అది. అరగంట కిందటే కొక్కెం నుంచి తీశాను.

నా జోడీ బషీరు నవ్వాడు. "మొత్తానికి నీ బేరం కారిందన్నా."

పెద్దాయన మాట గుర్తొచ్చింది. అందులో ‘ఎవ్వరూ’ అన్నది కూడా గుర్తొచ్చింది. కానీ పని ఆపితే కాంట్రాక్టరు ఇంకొకరిని పిలుస్తాడు. "నువ్వు దిగరా, తాడు నేను పట్టుకుంటా" అన్నాను. కారణం చెప్పలేదు.

వాడు తన మామూలు సూటుతో దిగాడు. తాడు రెండుసార్లు లాగితే బాగున్నానని అర్థం. రెండుసార్లు లాగాడు. తర్వాత లాగలేదు. నేను లాగితే రాలేదు. జాలీ దగ్గర పాత చేపల వల కాళ్ళకి చుట్టుకుంది. బయటికి తీసేసరికి అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. తాడు చుట్టి బండిలో పెట్టాను.

తర్వాత సూటుని మళ్ళీ సబ్బునీళ్ళతో చూశాను. తొట్టిలో ముంచి చూశాను. లోపల పొడిగానే ఉంది. ఆ నీళ్ళు ఎక్కడివో ఇప్పటికీ చెప్పలేను.

నెల తర్వాత బషీరు భార్య అడిగింది, "ఆ రోజు మీరెందుకు దిగలేదన్నా?" అని. సూటు కారుతోందమ్మా అన్నాను. ఆమె తలూపింది.

సూటుకి, మైనానికి, పౌడరుకి కలిపి నేను పెట్టింది పద్దెనిమిది వేలు. మిగతాది బషీరు కట్టాడు.