ఓనమాల మేడం

ఆ సంగీత పాఠశాలలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. వయొలిన్ ఎటునుంచి పట్టుకోవాలో తెలియని పిల్లలంతా మొదట ఆమె చేతిలోనే పడేవారు కాబట్టి ఓనమాల మేడం అయిపోయింది. ఆ పిలుపులో కాస్త వెటకారం ఉందని ఆమెకూ తెలుసు. పై తరగతుల మేష్టర్లు కచేరీలు చేసి పేరు తెచ్చుకున్నారు. ఈవిడ తెచ్చుకున్నది తలనొప్పి. గదినిండా పసివాళ్ళు ఒక్కసారిగా తీగల మీద కమాన్లు గీకితే ఎలా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుస్తుంది.

పాఠశాల టైర్ల దుకాణం మీది మేడ. కింద సుత్తి దెబ్బ పడినప్పుడల్లా పైన తీగలు జుమ్మనేవి. "తడి సబ్బు పట్టుకున్నట్టు పట్టుకోవాలర్రా కమాను. గట్టిగా నొక్కారో, జారిపోతుంది" అని ఆ రొదలోనే గొంతు చించుకునేది.

జీతం వచ్చిన నెల వచ్చినట్టు, రాని నెల రానట్టు. అక్కడ ఇచ్చే సర్టిఫికెట్టును ఏ ఉద్యోగానికీ లెక్కలోకి తీసుకునేవారు కాదు. అందుకే పాఠశాలను విశ్వవిద్యాలయంలో కలిపించాలని ఆమే, ఆమె మరిదీ చెప్పులరిగేలా తిరిగారు. మరిది అక్కడే గాత్రం చెప్పేవాడు, మంచి మాటకారి. ఆఫీసుల్లో మాట్లాడేది అతను, బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేది ఆమె. అధికారి బదిలీ అయితే కథ మళ్ళీ మొదటికొచ్చేది. ఆ తిరుగుడులోనే జుట్టు నెరిసింది, మోకాళ్ళు పట్టేశాయి.

చివరికి అయింది. పాఠశాల కాస్తా సంగీత ఫ్యాకల్టీ అయింది. ఖాళీలు చాలా ఉండటంతో ఊళ్ళో సంగీతం చెప్పుకు బతికేవాళ్ళందరినీ అందులోకి తీసుకున్నారు. ఆమెకూ ఒక గది, ఒక బీరువా, తలుపు మీద పూర్తి పేరు. మొదటిరోజు ఆ పేరు ఎవరిదో అనుకుని ముందుకు నడిచిపోయింది.

గదిలో కూర్చుని పిల్లల కోసం చూసింది. పిల్లలు రాలేదు, మరిది వచ్చాడు.

"వదినా, చిన్నపిల్లల క్లాసు ఇక ఉండదు. పన్నెండో తరగతి పాసైనవాళ్ళనే చేర్చుకుంటారట."

"మరి ఓనమాలు ఎక్కడ నేర్చుకుంటారు?"

"బయట నేర్చుకుని రావాలంట."

"బయట ఎవరున్నారయ్యా? ఉన్నవాళ్ళందర్నీ మనమే లోపలికి లాక్కొచ్చాం కదా!"

మరిది తల గోక్కున్నాడు. "సాయంత్రం పూట ఒక్క గది ఇవ్వమని అడిగాను వదినా. కుదరదన్నారు."

"పోనీ, ఇంట్లో చెప్పుకుంటాలే."

"అదీ కుదరదు. ప్రైవేటు చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఇక్కడ అందరికీ అదే రూలు."

ఒకప్పుడైతే ఆమె అక్కడికక్కడే అమీతుమీ తేల్చుకునేది. ఇప్పుడు ఓపిక లేదు. ఇంటద్దె ఉంది, మోకాళ్ళ మందులున్నాయి. ఇన్నేళ్ళు కాచుక్కూర్చున్న జీతాన్ని చేజేతులా వదులుకోవడానికి మనసొప్పలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఉద్యోగం వదల్లేదు.

కొత్త విద్యార్థులు వచ్చారు. మంచి పిల్లలే. ఫోన్లో చూసి ఎవరికివాళ్ళు నేర్చుకుని వచ్చినవాళ్ళు. "మణికట్టు వదులు చెయ్యి నాన్నా" అంటే, "వదులు చేస్తే అసలు పలకట్లేదు మేడం" అనేవారు. ఆ వయసుకి చెయ్యి బిగుసుకుపోయింది, ఏం చేస్తారు పాపం. ఆమె తిట్టలేదు. సాయంత్రానికి నడుము పడిపోయి ఇల్లు చేరేది.

ఒకరోజు అలా ఇంటికి చేరి చెప్పులు విప్పుతుంటే, పక్కవీధిలో బట్టలు కుట్టే అమ్మాయి ఏడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"లేచిన దగ్గర్నుంచీ వయొలిన్ వయొలిన్ అని ప్రాణం తీస్తోందండీ. మీరు రెండక్షరాలు చెబుతారని..."

"నేను ఇంట్లో చెప్పకూడదమ్మా."

"పోనీ, ఇంకెవరి దగ్గరికైనా పంపమంటారా?"

ఆమె మనసులోనే ఒక్కొక్కరినీ తలుచుకుంది. అందరూ ఆ ఫ్యాకల్టీ గదుల్లోనే ఉన్నారు. చూడకూడదనుకుంటూనే పిల్ల చేతిని చూసింది. మణికట్టు ఎటు తిప్పితే అటు తిరిగేలా మెత్తగా ఉంది. సరిగ్గా ఇప్పుడే మొదలుపెట్టాలి.

"పన్నెండో తరగతి పాసయ్యాక తీసుకురామ్మా" అంది.

"అప్పటికి ఆలస్యం అయిపోదాండీ?"

పిల్ల ఆమె మొహంలోకే చూస్తోంది.

"అయిపోదు" అంది ఓనమాల మేడం. ఆ వయసు పిల్లకి తప్పు చెప్పడం ఆమెకు అదే మొదటిసారి.