పొట్టంతా కోళ్ళకు పోశాను

ఆకుపచ్చ పూసలు కుట్టమంటే నీలం పూసలు కుట్టిన రోజున నా కళ్ళలో ఏదో తేడా ఉందని తెలిసింది. పెళ్ళివారు ఆ బ్లౌజు చూసి నోటికొచ్చినట్టు మాట్లాడి వెళ్ళారు. భవానీపురంలో ఇరవయ్యేళ్ళుగా మగ్గం వర్క్ చేస్తున్నాను. పనిలో మాట పడటం అదే మొదటిసారి.

"రెండు కళ్ళకీ కేటరాక్ట్ ఉందమ్మా. కానీ షుగర్ ఇంత ఉంటే ఆపరేషన్ చేయలేం. ముందు హెచ్‌బీఏవన్‌సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, దిగాలి," అన్నారు కంటి డాక్టరుగారు. షుగర్ ఉన్న సంగతి నాకు తెలుసు. మాత్ర వేసుకుంటున్నాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ రోజే అన్నం మానేశాను. షుగర్‌కి మంచిదని అందరూ అంటుంటే మూడు పూటలా రాగిజావే. నాకు కుట్టులో పూస వంకరున్నా నచ్చదు, పిండిలో నలక ఉన్నా నచ్చదు. రాగులు రెండుసార్లు మెత్తగా పట్టించి, పల్చటి గుడ్డలో జల్లించి, పొట్టంతా పక్కింటి కోళ్ళకు పోసేదాన్ని. ఇంట్లోవాళ్ళు వేడన్నంలో గోంగూర కలుపుకుంటుంటే గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడేదాన్ని. ఏడుపొచ్చేది.

మూడు నెలలకు టెస్టు చేస్తే షుగర్ ఇంకా పెరిగింది. ఆపరేషన్ వాయిదా.

"దొంగచాటుగా ఏమన్నా తింటున్నావా?" అన్నారు మా ఆయన.

ఒళ్ళు మండిపోయింది. "అల్లా మీద ఒట్టు, మెతుకు ముట్టలేదు," అన్నాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అప్పటికి సూదిలో దారం ఆయనే ఎక్కించివ్వాలి. మాట్లాడకుండానే సూది చాపేదాన్ని, మాట్లాడకుండానే ఎక్కించిచ్చేవారు.

డాక్టరుగారు మందులు మార్చి డైటీషియన్ దగ్గరకు పంపారు.

"జావ ఎలా కాస్తారు షమీంగారూ?" అడిగిందా అమ్మాయి.

పట్టించడం, జల్లించడం గొప్పగా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"అయ్యో, అంత మెత్తటి పిండి బాగా ఉడికించి తాగితే గబగబా అరిగిపోయి షుగర్ లేస్తుందండీ. మెల్లగా అరిగేదాన్ని లో జీఐ అంటాం, షుగర్‌కి అదే మంచిది. అలా అరగనిచ్చే పీచంతా కోళ్ళకు పెట్టారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు నెలలు నోరు కట్టుకున్నది ఇందుకా?

ముందు గిన్నెడు బీరకాయ కూరో దొండకాయ కూరో, తర్వాత పప్పో చేపో, ఆఖరున చిన్న కప్పు అన్నం. ఇదీ ఆమె చెప్పిన వరస. ఇంటికొచ్చి అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రంజాన్ పండక్కి మాత్రం ఆగలేక రెండు కప్పుల సేమ్యా పాయసం తాగేశాను. షుగర్ మీటర్ చూసి నన్ను నేనే తిట్టుకున్నాను. ఎలాగో ఆర్నెల్లకు షుగర్ దిగింది. ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది.

విసుగు మాత్రం పోలేదండీ. పెళ్ళి భోజనాల్లోనూ ముందు కీరా ముక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఈ లెక్క జన్మకి వదిలేలా లేదు. నాలా మోసపోకండి. ఎవరు మంచిదన్నా సరే, కొత్తది తిన్న రెండు గంటలకు మీటర్‌లో చూసుకోండి. డాక్టరుకి ఏం తింటున్నారో చెప్పడమే కాదు, ఎలా వండుతున్నారో కూడా చెప్పండి.

మొన్న గుమ్మంలో కూర్చుని ఉంటే పక్కింటి సుబ్బులు వచ్చింది. "షమీమక్కా, పొట్టు పోయట్లేదేంటి? ఇన్నాళ్ళయినా మా కోళ్ళు నీ గుమ్మం వదలట్లేదు!"

"ఇప్పుడది నేనే రొట్టెల్లో తింటున్నానని చెప్పవే వాటికి," అన్నాను, సూదిలో దారం ఎక్కించుకుంటూ.