అన్నయ్య ఫోటోకు దండ

ఆదివారం ఉదయం ఏడున్నరకు నరసరావుపేటలో పిడుగురాళ్ల బస్సెక్కాను. అంతకుముందు బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాను. చట్నీలో నీళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ మాటే అంటే సర్వరు, "ఆదివారం గదా మామ్మా," అన్నాడు. ఆదివారానికీ చట్నీకీ ఏం సంబంధమో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెబుతాను. మా అన్నయ్య వేలూరి సదాశివరావు డెబ్బై ఒకటి యుద్ధంలో బాంబర్ విమానం నడిపాడు. ఒక తెల్లవారుజామున సరిహద్దు దాటి వెళ్లినవాడు తిరిగి రాలేదు. చనిపోయినట్టే భావిస్తున్నామని ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. మా అమ్మ ఒప్పుకోలేదు. "శవాన్ని నాకు చూపించారా? ఏ జైల్లోనో ఉంటాడు, వస్తాడు," అనేది. అన్నయ్య ఫోటోను రోజూ తుడిచేది కానీ దానికి దండ మాత్రం వేయనివ్వలేదు.

అమ్మ పోయినేడు కన్నుమూసింది. పై నెలలో సంవత్సరీకం. ఆ చేత్తోనే సదాశివానికి కూడా జరిపించేద్దామని బంధువులు అంటున్నారు. అమ్మ అన్నేళ్లు ఆపిన దండను నేనెలా వేయను? కళ్లారా చూసిన మనిషి చెబితే తప్ప వేయనన్నాను. అలాంటి మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ విమానంలో అన్నయ్యకు దారి చెప్పే నావిగేటర్, రెంటచింతల ఊరివాడు జోజిరెడ్డి. ఆయన శత్రువులకు దొరికి, ఏడాది తర్వాత విడుదలయ్యాడు. నేరుగా మా ఇంటికొస్తే, "నా కొడుకేడి?" అని అమ్మ గుమ్మంలోంచే పంపేసిందట. అప్పటికి నేను కాపురానికి వెళ్లిపోయాను.

ఇప్పుడు పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మరిచిపోకండి. నా కార్డు చూసి కండక్టరు, "ఈ ఫోటో నువ్వేనా మామ్మా?" అన్నాడు. "ఇంకో ఇరవై ఏళ్లు ఈ రోడ్డు మీద తిరుగు నాయనా, నీ ఫోటో కూడా ఎవరూ గుర్తుపట్టరు," అన్నాను. బస్సంతా నవ్వింది.

పిడుగురాళ్లలో దిగేసరికి సున్నం దుమ్ముతో నా నల్లంచు చీర తెల్లంచు చీరయింది. అక్కడ మాచర్ల బస్సు పట్టుకున్నాను. పక్క సీటులో మేరమ్మ అనే ఆవిడ చామంతి దండల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏడికి మామ్మా, సమాధుల పండక్కా? రెంటచింతల్లో మీవోళ్లెవరున్నారు?"

"మావాళ్లెవరూ లేరు," అన్నాను.

గురజాల దాటాక రోడ్డుకు రెండు పక్కలా పత్తి తీస్తున్నారు. పది దాటాక రెంటచింతలలో దిగాను. చలికాలం మొదలైందని మన క్యాలెండరు చెబుతుంది కానీ ఆ ఊరి ఎండకు ఎవరూ చెప్పినట్టు లేదు. వెళ్లేవాళ్లు గొడుగు తీసుకెళ్లండి. జోజిరెడ్డి ఇంట్లో కోడలు, సమాధుల తోటకెళ్లారని చెప్పి ఆటో ఎక్కించింది.

సమాధుల పండగంటే, కేథలిక్కులు ఏటా నవంబరు రెండున తమవాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. నేను వెళ్లేసరికి పూజ అయిపోయి, చర్చిలో ఫాదరుకు సాయంగా ఉండే ఉపదేశి మైకులో ఇంటిపేర్ల వరుసన చనిపోయినవాళ్ల పేర్లు చదువుతున్నాడు. "తుమ్మా ఇన్నారెడ్డి... తుమ్మా మరియమ్మ... తుమ్మా సదాశివరావు..."

అది మా అన్నయ్య పేరు. వెంటనే ఒళ్లు మండింది. మా వేలూరివాణ్ణి తుమ్మావాణ్ణి చేయడానికి వీళ్లెవరు? తుమ్మావారి సమాధులు ఎక్కడని అడుగుతూ విసవిసా వెళ్లాను. ఒక చిన్న రాయి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ముసలాయన ఒకరు కూర్చున్నారు.

"నేను వేలూరి సదాశివరావు చెల్లెల్ని. మా అన్నయ్య ఇంటిపేరు తప్పు చదివారు."

ఆయన లేవబోయాడు, కాళ్లు సహకరించలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు గాదు తల్లీ, నేను జోజిరెడ్డిని. మా ఇంటిపేరుతో నేనే అట్టా చదివిస్తన్నా. ఈయన మనోడు గాదుగదా అని ఉపదేశి ప్రతేడూ అడగతానే ఉంటాడు. మీ అన్న లేకపోతే మా ఇంట్లో నా తర్వాత ఎవురుండేవోళ్లు? నా పిల్లలా, వాళ్ల పిల్లలా?"

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. "అసలేం జరిగింది? మీరు చూశారా?" అని అడిగాను.

"మీట లాగితే పైకి విసిరేసే సీటు ఆ విమానంలో ఆయనొక్కడికే ఉంది. నేను విమానం ముందు ముక్కులో పడుకోనుండేవోణ్ణి. పారాచూట్ తగిలించుకోని, పాక్కుంటా తలుపు దాకా పోయి దూకాల. రెక్క అంటుకుంది. ఆయన మీట జోలికి పోలా. విమానాన్ని వంకర పోనీకుండా బిగబట్టి, 'జోజీ, నేను పట్టుకున్నాలే, నిదానంగా పో' అన్నాడు."

నాకు సైకిల్ నేర్పేటప్పుడు కూడా అన్నయ్య ఆ మాటే అనేవాడు. నేను పట్టుకున్నాలే.

"నేను దూకిందాకా నిలబెట్టాడు. గాల్లో వేలాడతా చూశా తల్లీ. నా కళ్ల ముందే నేలకి కొట్టుకుంది. సీటు బయటికి రాలా. ఈ మాట చెప్దామనే మీ అమ్మకాడికొచ్చా. ఆమె మొహం చూసినాక నోరు రాలా. నువ్వన్నా తిట్టు నన్ను."

ఏడ్చాను, గట్టిగానే ఏడ్చాను. అక్కడ అందరూ ఏడుస్తున్నారు కనుక ఎవరూ వింతగా చూడలేదు. "వాడు ప్రాణం పెట్టి బతికించినవాణ్ణి తిడితే వాడికే కోపమొస్తుంది అన్నయ్యా," అన్నాను. అన్నయ్య పేరున ఆయన నిలిపిన ఆ రాయి ముందు ఇద్దరం కలిసి కొవ్వొత్తి వెలిగించాం.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. ఆయన మనవరాలి కూతురు, రెండేళ్ల పిల్ల, నా ఒళ్లో కూర్చుని నా పప్పన్నం సగం తినేసింది. ఆ పిల్ల బుగ్గలు చూస్తుంటే అన్నయ్య మీద ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

మూడింటికి బస్సు స్టాపులో మళ్లీ మేరమ్మే కనిపించింది. నా చేతికంటిన మైనం చూసి, "మీవోళ్లెవరూ లేరంటివిగా మామ్మా?" అంది.

"తెలియక అన్నాను. మా అన్నయ్య ఉన్నాడు ఇక్కడ. ఒక దండ ఇవ్వు, ఇంట్లో వాడి ఫోటోకి."

గంపలో మిగిలినవాటిలో పెద్దది వెతికి ఇచ్చింది. బస్సులో దండను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పిడుగురాళ్ల దగ్గర దుమ్ము లేస్తే పైట కప్పాను. అమ్మా, కోప్పడకు. నీ కొడుకు ఒంటరిగా జైల్లో మగ్గలేదు. ఒక ఇంటిని నిలబెట్టి పోయాడు, ఆ ఇంటివాళ్లు వాణ్ణి ఒక్క ఏడాది కూడా మరిచిపోలేదు.