నేను పెట్టిన చెక్‌పోస్టు

ఆ రోజుల్లో ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న మా పావగడ తాలూకాలో వాన తప్ప అన్నీ వేగంగానే వచ్చేవి. వై.ఎన్.హొసకోట వైపు నుంచి వచ్చే లారీలు మరీను. వేరుశెనగ మూటలు తలకు మించి ఎత్తుకుని ఆంధ్రా నూనె మిల్లులకు పోయే ఆ లారీలకు, దారిలో మా ఊరనేది ఒకటుందని తెలిసినట్టే కనిపించేది కాదు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. పియుసి అయిపోయింది (పాసయ్యానని కాదు, అయిపోయింది). ఊళ్లో యువక సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే. సభ్యులు కూడా దాదాపు నేనే.

ఒకరోజు మా మేనత్త మేకను లారీ కొట్టేసింది. అత్తది రోడ్డు పక్క ఇల్లు. మామ పోయాక ఆ మేకే ఆమెకు తోడూ పాడీ. లారీ ఆగలేదు. అత్త ఆ దుమ్ము వైపు చూసి, "పిల్లోళ్లు కూడా ఈడే ఆడుకుంటారు కదప్పా" అని మాత్రం అంది. ఆ మాటతో నాలోని అధ్యక్షుడు మేల్కొన్నాడు. డబ్బా రేకు మీద కన్నడంలో "నిధానవాగి చలిసి" అనీ, కింద తెలుగులో "మెల్లగా పోండి" అనీ రాసి ఊరి మొదట్లో పాతాను. ఎవరు చదివారో తెలియదు గానీ ఒక డ్రైవరు మాత్రం లారీ ఆపి దిగాడు. బోర్డు చాటున పని చూసుకుని, ఎక్కి అదే వేగంతో వెళ్లిపోయాడు.

రాతలతో లాభం లేదు, సైన్సు కావాలనుకున్నాను (టెక్నాలజీ అనే మాట అప్పటికి మా ఊరు చేరలేదు). ఊళ్లో సైకిళ్ల వెనక ఉండే ఎర్ర బిళ్లలన్నీ సంఘం తరఫున ఊడబెరికి, ఎరుపూ తెలుపూ పట్టీలు పూసిన వెదురు గడకు వరుసగా బిగించి, రోడ్డు పక్కన రెండు గుంజల మీద కట్టాను. వెలుతురు పడితే నిప్పుల్లా మెరిసేవి. ఫలితం చూసి నేనే బిత్తరపోయాను. లారీలు మెల్లగా పోవడం కాదు, అసలు రావడమే మానేశాయి. సరిహద్దు కదా, దూరం నుంచి ఆ గడను చూసి కొత్త చెక్‌పోస్టు పడిందనుకున్నారట. మోయాల్సినదానికంటే ఎక్కువ మోసే బండ్లన్నీ దారి చీలే చోటే పక్క ఊరి వైపు తిరిగిపోయాయి. మా రోడ్డు మీద కోళ్లు పడుకున్నాయి. పెద్దలు పిలిచి టీ ఇప్పించారు.

ఆ ఏడు వాన లేక వేరుశెనగ పోయింది. అత్తకు మిగిలింది ఎకరం ఉలవ ఒక్కటే. మా వైపు ఉలవ నూర్చేది లారీలే. కోసిన ఉలవ మొక్కల కట్టెను తారు రోడ్డు మీద పరిస్తే, పోయే బండ్ల చక్రాలే గింజ రాల్చి పెడతాయి. అత్త ఎప్పటిలాగే పరిచి, చేట పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాకా రెండు సైకిళ్లు, ఒక ఎద్దుల బండి పోయాయి (ఎద్దులు ఆగి తిన్నాయి). ఏడాదంతా మొహం చూపని మబ్బు సరిగ్గా అప్పుడే తూర్పున లేచింది. ఉలవ తడిసిందంటే ఆ ఏడు అత్తకు తిండి లేనట్టే. "లారీలన్నీ యాడికి పోయినాయి అల్లుడా?" అని అడిగింది. కోపంగా అడిగినా బాగుండేది.

గడ పీకి పారేసి, సైకిలెక్కి దారి చీలే చోటికి పోయాను. రోడ్డు మధ్య నిలబడి రెండు చేతులూ ఊపాను. ఒంటి మీద తెల్ల చొక్కా ఉన్న సంగతి గుర్తులేదు. చెక్‌పోస్టు వాడే ఇక్కడి దాకా వచ్చాడనుకుని లారీలు ముందుకంటే వేగంగా పక్కదారిలోకి దూరాయి. మా ఉద్యమం వల్ల తాలూకాలో వేగం పెరిగిందని అక్కడే నాకు అర్థమైంది. చివరికి చొక్కా విప్పి బనియనుతో నిలబడితే ఒకాయన ఆపాడు. జరిగిందంతా చెప్పాను. "అయితే ఆడ చెక్‌పోస్టు లేదా? నెల దినాలుగా సుట్టు తిరిగి పోతాండామే" అన్నాడు. తరువాత తిట్టాడు. తిట్టి, లారీని మా ఊరి వైపు తిప్పాడు.

ఆయన ముందుకూ వెనక్కీ తొక్కిస్తుంటే, అత్త కట్టె తిరగేస్తూ ఏ ఊరు, పిల్లలెంతమంది, పొద్దున ఏం తిన్నావు అని వరుసగా అడిగింది. మధ్యమధ్యలో ఇంకో సుట్టు తిరుగు నాయనా అనేది. చినుకు పడేలోగా గింజ ఇల్లు చేరింది. అత్త ఆయనకు సంగటి పెట్టి, మాటల్లో మేక సంగతి చెప్పింది.

"అది నేను కాదమ్మా" అన్నాడు. చేతిలోని ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. "నేనైనా ఆపి ఉండనులే."

మరునాటి నుంచి లారీలు పాత వేగంతోనే తిరిగొచ్చాయి. ఆయన లారీ ఒక్కటి మాత్రం అత్త ఇంటి ముందు మెల్లబడేది. తరువాత అత్త మజ్జిగ చెంబుతో ఒక్కొక్క డ్రైవరునీ ఆపి ఊరూ పేరూ అడగడం మొదలుపెట్టింది. అడిగించుకున్నవాళ్లు మళ్లీ ఆ ఇంటి ముందు వేగంగా పోలేదు. నేను అధ్యక్ష పదవికి రాజీనామా చేశాను. ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు నేనూ కారు నడుపుతాను. కెమెరా ఎక్కడుందో ఫోను ముందే చెబుతుంది. అక్కడ పద్ధతిగా మెల్లబడి, దాటగానే మళ్లీ తొక్కుతాను. మొన్న హొసకోట వైపు పోతూ అలాగే తొక్కుతున్నాను. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఇల్లున్న చోట ఎవరిదో గోడౌను ఉంది. అక్కడ బోర్డు లేదు, ఫోను ఏమీ చెప్పలేదు. కాలు మాత్రం దానంతటదే బ్రేకు మీదికి పోయింది. వెనక లారీవాడు హారన్ కొట్టి, తిట్టుకుంటూ నన్ను దాటాడు. ఏ ఊరు నాయనా అని అడగబోయి నాలో నేనే నవ్వుకున్నాను. అప్పటికే అతను దుమ్ములో కలిసిపోయాడు.