నజీర్ భాయ్ అరచెయ్యి

అఫ్జల్‌గంజ్ సందులో షాహెద్ సేఠ్ హోటల్ ముందు ఏ సాయంత్రం నిలబడినా నజీర్ భాయ్ రుమాలీ రొట్టె గాల్లోకి ఎగరేస్తూనో, ఎవరితోనో కొట్లాడుతూనో కనిపించేవాడు. రెండింటికీ ఒకటే చెయ్యి. "ఏందీ?" అంటూ బోర్లా ఉన్న అరచేతిని గిర్రున వెల్లకిలా తిప్పాడంటే అవతలివాడి నోరు పడిపోయేది. మా పాతబస్తీలో అరచెయ్యి తిప్పకుండా జగడం గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అలాంటి మనిషి వానలో స్కూటర్ మీంచి జారిపడి ఆ చెయ్యే విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక మోచెయ్యి మడిచాడు, చాపాడు, అంతా బాగుందన్నాడు. అరచెయ్యి మాత్రం వెల్లకిలా తిరగలేదు. దువాకు చేతులెత్తితే ఒకటి ఆకాశాన్ని చూసేది, రెండోది పక్కవాణ్ణి చూసేది. రొట్టె ఎగరేస్తే అందుకునే చెయ్యే లేదు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ముంజేతిలో ఎముకలు రెండు. చిటికెనవేలి వైపుది మోచేతి దగ్గర తలుపు బందులాంటిది, మడవడానికీ చాపడానికే పనికొస్తుంది. బొటనవేలి వైపుదానికి అక్కడ గుండ్రటి తల ఉంటుంది. ఆ తల ఉన్నచోటే తిరిగితే అరచెయ్యి తిరుగుతుంది. విరిగింది ఆ తలే. ఇప్పుడు అతుక్కుంది, కానీ బిగుసుకుంది. మోచేతిని పక్కటెముకలకు ఆనించి రోజూ తిప్పమంది.

నజీర్ భాయ్ తిప్పాడు, భుజాన్ని. చెయ్యి బారుగా చాచి భుజం తిప్పితే అరచెయ్యి కూడా తిరిగినట్టే కనిపించేది. "చూడుండ్రి, మస్తుగ తిరిగింది!" అని గల్లీ అంతా చూపించుకున్నాడు. ఆయన దొంగాట భార్య జహీరాకు తెలియదా? మోచెయ్యి మడిపించి, తన దుపట్టాతో నడుముకు కట్టేసింది.

"అజీ, గిప్పుడు తిప్పు."

ఈసారి మనిషే పక్కకు ఒరిగాడు. నాకు నవ్వాగలేదు. ఆయన కళ్లు చూశాక ఎందుకు నవ్వానా అనిపించింది.

రోజురోజుకూ చెయ్యి కొంత కొంత తిరిగింది. చివరి కాస్త మాత్రం నొప్పికి భయపడి తిప్పేవాడు కాదు. ఒకరోజు నేను వాళ్లింట్లో ఉండగా, జహీరా దుపట్టా కట్టి చెయ్యి తిప్పిస్తుంటే షాహెద్ సేఠ్ వచ్చాడు.

"నజీర్ భాయ్, రంజాన్ దగ్గరికొచ్చె. రొట్టెలకు ఇంకో మాస్టర్‌ను పెట్టుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు, ఆరాంగ గల్లా మీద కూసో."

ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్లు. నజీర్ భాయ్ మొహం కందగడ్డయింది.

"నేను? గల్లా మీద? నేనుండంగ నా పెనం మీద ఇంకొకడా? ఏందీ?"

దుపట్టా కట్టు అలాగే ఉంది, మోచెయ్యి కదల్లేదు. అరచెయ్యి గిర్రున తిరిగి వెల్లకిలా నిలబడింది. అందరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. ఆయనా చూసుకున్నాడు.

"ఇంకోసారి తిట్టు భాయ్," అన్నాడు షాహెద్ సేఠ్ మెల్లగా.

నజీర్ భాయ్ నోరు తెరిచాడు. తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది. చెయ్యి మాత్రం తిరిగింది. జహీరా లోపలికి పరుగెత్తి, పిండిముద్ద తెచ్చి ఆ అరచేతిలో పెట్టింది.