మా లైన్ల మొయూర్ మాషి

నిన్న మధ్యాహ్నం భవానీపూర్ ఆఫీసులో లంచ్ బాక్స్ మూత తీస్తున్నాను. చెల్లి ఫోన్.

"అక్కా, సూరమ్మ అత్త పోయిందే."

ఏ సూరమ్మ అత్త అని అడిగాను. నిజంగా అడిగాను. మాకున్నది ఒక్క సూరమ్మ అత్తే అని తెలిసి కూడా.

పొద్దున టీ పెట్టుకుని, గ్లాసు పక్కన పెట్టి, గోడకి చేరబడిందట.

అంతే.

నా తెలుగులో తప్పులుంటే ఏమీ అనుకోకండి. ఆవిడ గురించి ఇంకో భాషలో రాయడం నాకు చేతకాదు.

బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ల వరసల్లో, మాది ఒక గది, పక్క గది ఆవిడది. చుట్టరికం ఏమీ లేదు. నాన్న అక్క వరసలో "అప్పా" అని పిలిచేవాడు కాబట్టి మాకు అత్త. అక్కడి బెంగాలీ వాళ్లకి మాత్రం "మొయూర్ మాషి". నెమళ్ల పిన్ని.

మిల్లు వెనక, గంగ ఒడ్డున మేనేజర్ బంగళా. దాని తోటలో నెమళ్లు. నాకు పదేళ్లప్పుడు మిల్లు లాకౌట్ అయింది. మేనేజర్ వెళ్లిపోయాడు. బంగళాకి తాళం పడింది. గింజలు వేసే దిక్కు లేక నెమళ్లు గోడ దాటి మా మధ్యకి వచ్చేశాయి.

పొద్దున్నే పైకప్పు రేకుల మీద టకటకా నడిచేవి. కుళాయి దగ్గర బిందెల మధ్య నిలబడేవి. యూనియన్ మీటింగులో లీడర్ దాదా స్లోగన్ ఇస్తే, జనం కంటే ముందు నెమలి అరిచేది. కడుపులో ఏమీ లేకపోయినా పడీ పడీ నవ్వేవాళ్లం.

అత్త వేసుకున్న తోటకూర మడి మొత్తం తినేశాయి. మూడు రోజులు చీపురు పట్టుకుని తరిమింది. నాలుగో రోజు చూస్తే, తన మరమరాల్లోంచి గుప్పెడు తీసి వాటికి చల్లుతోంది.

"మనకే నేదు, ఆటికేటి వదినా?" అంది అమ్మ.

"మనకీ ఆటికీ తాళమేసినోడు ఒక్కడే కదే," అంది అత్త.

ఇప్పుడు రాసేది మా ఇంట్లో ఎవరూ బయట చెప్పుకోని సంగతి. నాన్నని అడిగే రాస్తున్నాను.

లాకౌట్ నాలుగో నెలలో ఒక సాయంత్రం, మా గుమ్మం ముందుకి వచ్చిన ఆడ నెమలి మీద నాన్న గంప బోర్లించాడు. కాళ్లు జనపతాడుతో కట్టేశాడు. చేతిలో కత్తి. అమ్మ మొహం తిప్పుకుంది. చెల్లి, ఐదేళ్లది, "కోడా నాన్నా?" అని సంబరపడింది.

పక్షి అరుపు విని అత్త వచ్చింది.

"అప్పా, పిల్లలు రెండ్రోజులై మరమరాల మీదే ఉన్నారు. నన్నేటి సేయమంటావు?" అన్నాడు నాన్న.

అత్త వెనక్కి వెళ్లి తన కోడిపెట్టని చంకలో పెట్టుకుని తెచ్చింది. ఆవిడకి ఉన్నది ఆ ఒక్క పెట్టే. అది పెట్టే గుడ్డు మామకి, అంటే ఆవిడ భర్తకి. జనపనార దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై, మంచం మీద ఉన్నాడు మామ.

"ఇది నాది. దీన్ని కొయ్యి. అది నీదీ కాదు, నాదీ కాదు. ఒగ్గేయ్."

"మరి బావకి గుడ్డు?"

"బావకీ ఓ ముక్క ఎట్టు."

తాడు తనే విప్పింది. నెమలి ఆవిడ చెయ్యి రక్తం వచ్చేలా పొడిచి ఎగిరిపోయింది.

మేం తిన్నాం. ముక్కల కోసం కొట్టుకుని మరీ తిన్నాం. నాన్న ముట్టలేదు.

ఆ చలికాలంలో మామ పోయాడు. నాన్న చాలా రోజులు ఆవిడ కంట పడకుండా తిరిగాడు. చివరికి అత్తే పట్టుకుని నిలబెట్టింది.

"ఒరే సింహాచలం, మీ బావ గుడ్డు నేక పోనేదు. ముప్పై ఏళ్ల దుమ్ముకి పోనాడు. బుర్రలో ఎట్టుకోకు."

మిల్లు మళ్లీ తెరిచారు. నెమళ్లు మాత్రం వెనక్కి పోలేదు. ఇరవై ఏళ్లు మా మధ్యే గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకున్నాయి.

రెండేళ్ల కింద బంగళా అమ్మేశారు. ఫ్లాట్లు కడతామని చెట్లన్నీ కొట్టేశారు. నెమళ్లని పట్టుకుపోడానికి ఫారెస్ట్ వాళ్లు వలలు వేసుకుని వ్యాన్‌తో వచ్చారు. పొద్దున్నించీ ఒక్క పక్షీ చిక్కలేదు. ఎవరో "మాషి పిలిస్తే వస్తాయి" అన్నారు. ఇక్కడే ఉంటే కుక్కలు చంపేస్తాయి, అడవిలో బతుకుతాయి అని ఆఫీసర్ నచ్చజెప్పాడు.

అత్త వల పక్కన కూర్చుని మరమరాలు చల్లింది.

అన్నీ వచ్చాయి.

తర్వాత నాతో ఫోన్లో ఒక్కసారే మాట్లాడింది దాని గురించి. "మంచికే అన్నారే గుంటా. కానీ నన్ను నమ్మి వచ్చినాయి." దసరా పూజ సెలవులకి వస్తానన్నాను నేను.

వెళ్లలేదు.

నిన్న సాయంత్రం శ్మశాన ఘాట్‌లో నాన్న ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లేవమంటే లేవలేదు.

వెళ్లిరా అత్తా. ఇక ఎవరి ఆకలీ నువ్వు చూడక్కర్లేదు. నిమ్మళంగా పడుకో.