కెరటం లేని చోటు నిపుణులకు

నేను సముద్రంలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. అయినా ఆఫ్రికా ఖండంలో ఎవరు ఏ ఒడ్డున సర్ఫింగ్ చేయాలో ఒకప్పుడు నిర్ణయించింది నేనే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు.

ఇంటర్నెట్ అనకాపల్లికి కొత్తగా వచ్చిన రోజులవి. ఒక బెల్లం గోదాం మీద మేడగదిలో, నాలుగు కంప్యూటర్లతో మా ఆఫీసు. విదేశీ వెబ్‌సైట్లకు ఇంగ్లీషులో వ్యాసాలు రాసి పంపడం మా పని. కుక్కకు పళ్లు తోమడం, మంచులో కారు నడపడం, ఇలా మేం నేర్పని విద్య లేదు. కింది నుంచి చీమలు బారులు కట్టి వచ్చి కీబోర్డుల్లో కాపురం పెట్టేవి. మా సార్ అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. తప్పుల్లేకుండా కొట్టిందల్లా ఆయన లెక్కలో నిజమే.

నాకు మూడు నెలల ట్రైనింగు. ఆ లోపల ఒక పెద్ద పని సొంతంగా చేసి మెప్పించాలి, లేకపోతే ఇంటికే. ఇంట్లో బడిపంతులైన మా నాన్న బి.ఎడ్. ఫారం నింపి సిద్ధంగా పెట్టుకున్నాడు. నా సంతకం ఒక్కటే తక్కువ. పిల్లలకు పాఠాలు చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ మండుతుంది. అందుకే ఆ చీమల ఆఫీసు నాకు ప్రాణంతో సమానమైంది.

మూడో నెలలో వచ్చింది ఆ పని. ఆఫ్రికాలో మొరాకో నుంచి మొజాంబిక్ దాకా సర్ఫింగ్‌కు పనికొచ్చే చోట్లు నలభై. ఏది కొత్తవాళ్లకో, ఏది కాస్త వచ్చినవాళ్లకో, ఏది నిపుణులకో విడదీసి రాయాలి. పేర్లూ ఫొటోలూ పని ఇచ్చిన వెబ్‌సైటువాళ్లే పంపారు. "మేం తీరంవాళ్లం, సముద్రం మా పెరడు" అని సార్ ముందే వాళ్లకు మెయిల్ కొట్టేశారు. ఆయనకు సముద్రమంటే విశాఖ బీచిలో మొక్కజొన్న పొత్తు తినడం.

"చెక్క మీద నిలబడి కెరటాల మీద జారతారంట సార్. నాకేం తెలుస్తాది?" అన్నాను.

"మంచులో కారు గురించి తెలిసే రాసేవేటి?" అన్నారు సార్.

మా అమ్మకు చెబితే, "నీళ్ల మీద నిలబడ్డం ఒక్కడికే చెల్లింది. మిగతా అందరిదీ పొగరు" అంది. చర్చిలో నా ఉద్యోగం కోసం ప్రార్థన చేయించింది గానీ, పని ఏమిటో మాత్రం పాస్టరుగారికి చెప్పలేదు. చివరికి దారి చూపించింది నాన్నే. ఎస్. రాయవరం అవతల సముద్రపు ఊళ్లో ఆయన ఒకప్పుడు పనిచేశాడు. అక్కడ ఒక జాలరి తాత ఉన్నాడనీ, సముద్రం సంగతిలో ఆయన మాటకు తిరుగు లేదనీ చెప్పాడు.

నలభై కలర్ ప్రింట్లు కవర్లో పెట్టుకుని బస్సెక్కాను. తాత ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నాన్న పేరు చెప్పి, వచ్చిన పని చెప్పాను.

"ఏటి పడతారమ్మా ఆల్లు?" అన్నాడు.

"ఏమీ పట్టరు తాతా. సరదాకి దిగుతారు."

తాత వల పక్కన పెట్టేశాడు. ఆ ఊళ్లో తెప్ప నీళ్లలోకి తోసేముందు ఒడ్డున నిలబడి కెరటాలు లెక్కపెడతారు. పెద్దవి పోయి కాస్త సందు దొరికిందాకా కాలు కదపరు. తాత నా కాగితాలనూ అలాగే చూశాడు. ఒక్కో ఫొటోకూ ఊపిరి బిగబట్టి, గాలి ఎటునుంచి, రాళ్లెక్కడ, మనిషి కొట్టుకుపోతే ఏ వైపు తేలతాడు అని అడిగాడు. అన్నిటికీ తెలీదనే చెప్పాను. పొద్దు వాలేసరికి కాగితాలు మూడు కుప్పలయ్యాయి.

"ఇవి బాగా వచ్చినోల్లకి. ఇవి కొంచెం వచ్చినోల్లకి. ఇవి ఏటీ రానోల్లకి."

బాగా వచ్చినవాళ్ల కుప్ప తిరగేశాను. అన్నీ పళ్లెంలో నీళ్లలా నిశ్చలంగా ఉన్నాయి. "ఇక్కడ కెరటమే లేదు కదా తాతా?"

"అందికే కదమ్మా. వచ్చినోడు కెరటం లేని కాడ సూసుకుని దిగుతాడు. కెరటం మీదకి ఎల్లేవోడికి ఏటొచ్చినట్టు?"

యాభై ఏళ్లు సముద్రం మీద బతికినవాడు చెబుతుంటే కాదనడానికి నేనెవర్ని? ఆఫీసుకొచ్చి పది రోజులు కూర్చుని రాశాను. "ఈ తీరంలో నీరు కదలదు. ఎంతో అనుభవం ఉన్నవారు మాత్రమే రావాలి." "ఇక్కడ కెరటం రెండంతస్తుల మేడంత లేస్తుంది. మొదటిసారి వచ్చేవారికి, చిన్నపిల్లలకు ఎంతో అనుకూలం." సార్ ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమనే రకం. స్పెల్లింగులు చూసి పంపేశారు.

రెండో రోజే జవాబొచ్చింది. మీ రాత నమ్ముకుంటే కొత్తవాళ్లు మునిగి చస్తారు, ఛాంపియన్లు విసుగొచ్చి చస్తారు, రేపటికల్లా సరిచేయకపోతే మీతో పని సరి అని రాశారు. కళ్ల ముందు బి.ఎడ్. ఫారం ఆడింది.

పైనున్నది కిందికి, కిందున్నది పైకి మారిస్తే చాలన్నారు సార్. కొత్తవాళ్లు అన్నచోటల్లా నిపుణులు అని మార్చమని కంప్యూటర్‌కు చెప్పాను. ఒక్క క్షణంలో ఆఫ్రికాలో అందరూ నిపుణులైపోయారు, కొత్తవాడన్నవాడే మిగల్లేదు. మళ్లీ పాత ఫైలు తెరిచి, ముందు కొత్తవాళ్లను బెల్లం చేసి, నిపుణుల్ని కొత్తవాళ్లను చేసి, ఆ తర్వాత బెల్లాన్ని నిపుణులుగా మార్చాను. సెనెగల్‌లో ఒకచోట నా కళ్లు కప్పి బెల్లం మిగిలిపోయింది. ఆ బెల్లం స్థాయి అంటే ఏమిటని వాళ్లడిగితే, అది మా ప్రాంతంలో అందరికన్నా పై స్థాయి అని సార్ తడుముకోకుండా రాశారు. వాళ్లు ఎంతో మెచ్చుకున్నారు. సముద్రంతో జీవితమంతా గడిపిన మనిషి రాసినట్టుందన్నారు. నా ఉద్యోగం ఖాయమైంది. నాన్న ఫారం చింపలేదు, మడిచి బీరువాలో పెట్టాడు.

ఆ ఆదివారం చర్చి కాగానే రెండు కిలోల బెల్లం పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాను.

"ఎల్లేరా అమ్మా ఆల్లందరూ? నాను సెప్పిన కాడికే ఎల్లేరా?" అని ఆత్రంగా అడిగాడు.

సంతోషంలో నాకు ఒళ్లు తెలియలేదు. కుప్పలు తారుమారు చేసిన కథంతా నవ్వుతూ చెప్పాను. తాత నవ్వలేదు.

"అయితే బాగా వచ్చినోల్లని ఆ కెరటాల్లోకే పంపేసేవా?"

"ఆళ్లకదే కావాలి తాతా."

ఆయన బెల్లం పొట్లం చేతిలోనే ఉంచుకుని నీళ్లకేసి తిరిగాడు.

"మా పెద్దోడు ఈ ఊర్లో అందరికంటే బాగా వచ్చినోడు" అన్నాడు.

ఒక్కో కాగితానికీ అంతసేపు ఎందుకు పట్టిందో నాకప్పుడు తెలిసింది. నా ఉద్యోగం కోసం నేను అటూ ఇటూ మార్చినవి ఆయన ఎప్పుడో కెరటానికి పోయిన కొడుకును కాపాడుకుంటూ పేర్చిన కుప్పలు.

"దిగీముందు అక్కడి జాలరోల్లని ఒక్క మాట అడగమని రాయమ్మా. అంతే సాలు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నలభై చోట్ల కిందా ఆ వాక్యం రాసి పంపాను. అనవసరమని వాళ్లు అన్నిచోట్లా కొట్టేశారు, నమీబియాలో ఒక్కచోట మాత్రం మరిచిపోయారు. తరవాతి నెల నాన్న ఆ ఊరు వెళ్తే తాత అడిగాడట, అమ్మాయి రాసిందా అని. నలభై చోట్లా ఉందని చెప్పమన్నాను.